వీపు మీది విటమిన్లు

ఒక పెద్ద అడవిలో ఆ ఏడాది షుగరు జబ్బు కంటే ముందు షుగరు భయం వచ్చిపడింది.

భయానికి కారణం చీమలు. ఆ అడవిలో ల్యాబంటే ఒక చీమలపుట్టే. అనుమానం ఉన్నవాళ్ళు దాని పక్కన ఒంటేలు పోసి, తప్పుకుని నిలబడాలి. చీమలు రాకపోతే జబ్బు లేదు. నాలుగైదు వస్తే జాగ్రత్తపడాలి. బారులు తీరితే జబ్బు వచ్చేసినట్టే.

అప్పలస్వామి అనే ఎలుగుబంటికి ఏడు చీమలొచ్చాయి.

"ఇంకా రాలేదు కానీ గుమ్మం దాకా వచ్చింది," అన్నాడు ల్యాబు చూసుకునే ఏదుపంది డాక్టరు సూర్యం. "మీ నాన్నక్కూడా ఉండేది కదూ?"

"ఉండేదండి. కాలికి పుండుపడి, అది మానకే పోయాడు."

"అయితే తేనె తగ్గించు. పొద్దున్నే ఏటి దాకా నడువు."

"రోజూనా?"

"రోజూనే."

"మాత్ర ఏమీ రాయరా?"

"ఇప్పుడప్పుడే మాత్రెందుకు? నడువు, చాలు."

అప్పలస్వామికి డాక్టరు మీద గురి పోయింది. మాత్ర రాయనివాడు డాక్టరెలా అవుతాడు?

సరిగ్గా అప్పుడే కామేశం అనే కొండముచ్చు పట్నం నుంచి దిగాడు. ఒక మందుల షాపు రేకుల మీద మూడేళ్ళు కాపురం చేసి వచ్చినవాడు. అడవి సంఘం మీటింగులో లేచి నిలబడి, అరచేతిలో ఎర్రటి గోలీ ఒకటి చూపించాడు.

"జింకు, మెగ్నీషియం, క్రోమియం, విటమిన్ డి! ఈ నాలుగూ ఉన్న ఒంట్లోకి షుగరు అడుగుపెట్టదు. నేనే మట్టి పిసికి చేశాను."

"మట్టిలో విటమిన్ డి ఎక్కడిదయ్యా?" అనడిగాడు అధ్యక్షుడు బసవరాజు. ఆయన అడవిదున్న.

"మూడు రోజులు ఎండబెట్టానండి."

సభ అబ్బురపడింది. సూర్యం ముళ్ళు నిక్కబొడుచుకుని లేచాడు. "ఒంట్లో లోటుంటే ఆ లోటుకి విటమిన్ ఇవ్వాల్సిందే. లోటు లేనివాడు మింగితే షుగరు రాకుండా ఆగుతుందనడానికి ఆధారం లేదు."

"ఆగదనడానికి మాత్రం మీ దగ్గర ఆధారముందా?" అన్నాడు బసవరాజు.

చప్పట్లు మోగాయి. భోజనం తర్వాత తలా ఒక గోలీ అని తీర్మానం చేశారు. అందుకు ఇంటింటి నుంచీ కామేశానికి రోజుకో అరటిపండు. సూర్యాన్ని ఆరోగ్య కమిటీలోంచి తీసేసి, బాధపడకుండా శాలువా కప్పారు. అది ముళ్ళకు తగులుకుని నాలుగు రోజులపాటు ఊడిరాలేదు.

గోలీ చేదు. అందుకని అప్పలస్వామి దాన్ని తేనెలో ముంచి మింగేవాడు. ముంచాక మిగిలిన తేనె పారబోయలేడు కదా, తాగేవాడు. భోజనానికో గోలీ అన్నారు కాబట్టి, గోలీలు ఎక్కువ పడాలని భోజనాలు పెంచాడు. రెండు పూటలు కాస్తా అయిదయ్యాయి.

"గోలీ కోసం తేనె, తేనె కోసం గోలీ. ఇక నువ్వు నడిచేదెప్పుడు?" అంది భార్య పైడమ్మ.

"మందు వాడుతున్నవాడికి నడకెందుకే?" అన్నాడు అప్పలస్వామి, పడుకున్న చోటు నుంచి లేవకుండానే.

అడవి అంతా అలాగే ఉంది. కుందేళ్ళు గెంతడం మానేశాయి. అడవిపందులు దుంపలు తవ్వుకోవడం మాని, పక్కవాళ్ళు తవ్వినవి తినసాగాయి.

మూడు నెలలకు మళ్ళీ పరీక్ష పెట్టారు. అప్పలస్వామి పక్కకు జరిగీ జరగకముందే చీమలు బారులు తీరాయి. ఏట్లో నీళ్ళ కోసం దిగినట్టు దిగి, చుట్టుపక్కల పుట్టల్లోని బంధువులనూ పిలుచుకొచ్చాయి. లెక్కపెట్టడానికి కూర్చున్న ఉడుత మధ్యలో లేచి వెళ్ళిపోయింది.

అప్పలస్వామికి అంతకంటే పెద్ద దిగులు వేరే ఉంది. మడమలో ముల్లు దిగి ఇరవై రోజులైనా ఆ గాయం మానలేదు. ఆ సాయంత్రం కాలు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు. తండ్రి కాలూ సరిగ్గా ఇక్కడే చీము పట్టింది. పైడమ్మ పక్కన కూర్చుంది గానీ, ఈసారి దెప్పలేదు. ఆమె దెప్పకపోవడంతో అతనికి ఇంకా భయమేసింది.

మర్నాడు సంఘం అత్యవసరంగా కూడింది.

"మోతాదు చాల్లేదు," అన్నాడు కామేశం.

"చీమలు అస్సలు రానివాడు ఒక్కడైనా ఉన్నాడా?" అనడిగాడు బసవరాజు.

ఒక్కడున్నాడు. గోలీల మూటలు వీపున వేసుకుని కొండెక్కి, లోయ దిగి, ఇంటింటికీ పంచే అటెండరు గాడిద గవరయ్య.

"నువ్వు రోజుకెన్ని మింగేవాడివి?"

"ఒక్కటీ లేదండి బాబూ. తిరగడంతోనే సరిపోయేది. తిండికే తీరిక దొరికేది కాదు."

సభ గుసగుసలాడింది. కామేశం తోక రెండుసార్లు ఊపి ఎగిరి గంతేశాడు. "తెలిసిపోయింది! నా గోలీ కడుపులోంచి పనిచెయ్యదు. వీపు మీంచి పనిచేస్తుంది!"

సూర్యం ఉండబట్టలేక లేచాడు. "ఒరే, అది గోలీ కాదురా, నడ..." అని, అప్పలస్వామి కాలు కంటబడి ఆగిపోయాడు. గొంతు సవరించుకున్నాడు.

"నిజమే. వీపు మీంచే. అయితే పథ్యం చాలా కఠినం. పొద్దున్నే మూట కట్టుకోవాలి. మోసేవాడు ఆగితే మందూ ఆగిపోతుంది. నోట్లో తేనె చుక్క పడిందా, విరిగిపోతుంది."

"అదీ డాక్టరంటే!" అన్నారందరూ.

ముందుగా సూర్యం అప్పలస్వామి పుండు రోజూ కడిగి కట్టు కట్టాడు, షుగరుకు అసలు మందు వేరుగా ఇచ్చాడు. కాలు మానాకే మూట కట్టనిచ్చాడు. మొదట్లో అప్పలస్వామి అడుగడుక్కీ తిట్టుకున్నాడు. తర్వాత ఏటి దాకా వెళ్ళి రావడం అలవాటైంది. అడవంతా మూటలతో బారులు తీరి నడుస్తుంటే, దారి తెలియని బాటసారులు ఏదో పెళ్ళివారు తరలి వెళుతున్నారనుకునేవారు.

ఇంకో మూడు నెలలకు అప్పలస్వామి దగ్గరికి రెండే చీమలొచ్చాయి. వాసన చూసి వెళ్ళిపోయాయి. జబ్బు పోలేదు గానీ అదుపులోకి వచ్చింది. అతను అక్కడే చతికిలబడి భోరున ఏడ్చాడు. పైడమ్మ కూడా ఏడ్చింది, కాకపోతే తిడుతూ.

సంఘం కామేశానికి గజమాల వేసింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది సూర్యమే.

అప్పలస్వామి ఇంటికొచ్చి మూట విప్పితే అడుగున పెద్ద చిల్లు! లోపల ఒక్క గోలీ లేదు. ఎన్నాళ్ళ కిందట రాలిపోయాయో ఏమో! ఈ సంగతి బయటపడితే సంఘం తన ఆరోగ్యాన్ని రద్దు చేస్తుందేమోనని, చిల్లు కుట్టి, గుప్పెడు గులకరాళ్ళు పోసి, మర్నాడు అందరికంటే ముందు ఏటివైపు బయల్దేరాడు.

నీతి: రాని జబ్బుకు ఏ గోలీ అయినా దివ్యంగా పనిచేస్తుంది, మింగకుండా మోస్తే.