సీలు విప్పని శిక్షణ

అవకాశాలు అందని యువతకు ఇక అవకాశాలు అందక తప్పదని యువజన వికాస శాఖామాత్యులు ప్రకటించారు. తొంభై రోజులు, ఇరవై మంది, ఆరు కంప్యూటర్లు, రెండు కెమెరాలు చాలునని, ఇంత తక్కువ సామగ్రితో ఇంత పెద్ద సమస్యను పరిష్కరించిన ప్రభుత్వం చరిత్రలో మరొకటి లేదని సెలవిచ్చారు. పథకం పేరు సృజన డిజిటల్ యువ వికాసం. ఒక చేత కళనూ, ఒక చేత కంప్యూటరునూ పట్టుకున్న యువతకు ఎవరి ముందూ మూడో చెయ్యి చాచే అవసరం రాదని ఆయన అన్నప్పుడు సభలో చప్పట్లు మోగాయి. మూడో చెయ్యి ఎక్కడిదని ఎవరూ అడగలేదు. అది సభామర్యాద.

ఎంపిక నిష్పక్షపాతంగా జరిగింది. దరఖాస్తుతో పాటు రెండు నిమిషాల వీడియో అప్‌లోడ్ చేయాలన్నారు. చేసినవాళ్ళ దగ్గర మంచి ఫోనూ నెట్టూ ఉన్నాయని దానితోనే రుజువైంది కనుక, వాళ్ళను వెనుకబడినవారిగా గుర్తించడానికి నిబంధనలు ఒప్పుకోలేదు. చేయనివాళ్ళు దరఖాస్తు చేసుకోనట్టే లెక్క. చివరికి, వీడియో ఎలా పెట్టాలో అడగడానికి శాఖ కార్యాలయం మెట్లెక్కిన ఇరవై మందిని పథకం డైరెక్టరు గారు అక్కడికక్కడే ఎంచుకున్నారు. ఇంతకంటే పారదర్శకమైన పద్ధతి ఎవరికీ తోచలేదు.

వాళ్ళకు నేర్పడానికి మాస్టారిని పిలిచారు. మాస్టారు ముప్పై ఏళ్ళ పాటు దుకాణాల బోర్డులు రాసిన మనిషి. ఫ్లెక్సీలు వచ్చాక కుంచెలు కడిగి డబ్బాలో పెట్టేసి ఇంట్లో కూర్చున్నారు. డిజిటల్ ముద్రణ పొట్ట కొట్టిన మనిషిని డిజిటల్ పథకమే వెతుక్కుంటూ వచ్చి, ‘క్రియేటివ్ ఫెసిలిటేటర్’ అని అచ్చువేసిన కార్డును మెడలో వేయడంలో ప్రభుత్వపు నిండు మనసు కనిపిస్తుంది. కార్డు మీది అక్షరాల మధ్య ఎడం సరిగా లేదని మాస్టారికి అనిపించింది.

కేంద్రం కోసం కేటాయించినది ఒకప్పుడు జనన మరణాలు నమోదు చేసిన గది. అందులో ఒక బల్బు, ఒక ఫ్యాను, వాటికి రెండు స్విచ్చులు ఉన్నాయి. అట్టపెట్టెలు దిగాయి. వాటి వెంటే డైరెక్టరు గారూ దిగి, ప్రతి పెట్టె మూతా అతుక్కునే చోట కాగితం అంటించి, దాని మీద ముద్ర గుద్దారు. అమాత్యుల హస్తాలతో ప్రారంభం కానిదే సీలు విప్పరాదన్నది ఉత్తర్వు.

మరి నేర్పేదెలాగండీ అని మాస్టారు వినయంగా అడిగారు.

"మాస్టారూ, మీరు బోర్డు రాసేముందు సుద్దతో గీసుకుంటారా లేదా?"

"గీసుకుంటానండి."

"ఇదీ అంతే. ఇప్పుడు సుద్ద దశ."

ప్రారంభోత్సవం ఎప్పుడని అడిగితే మంత్రిగారి డేట్లు దొరికినప్పుడని, తొంభై రోజుల గడువు మాత్రం సామాను దిగిన ఇవాళ్టి నుంచే నడుస్తుందని డైరెక్టరు గారు విడమరిచి చెప్పారు. ముగింపు తేదీ ఖాయం, మొదలయ్యే తేదీ ఒక్కటే తేలాలి అన్నారు. ఇంత స్పష్టత ఉన్న అధికారితో పనిచేయడం అదృష్టమని మాస్టారు అనుకోబోయి, అదృష్టం అన్న మాట దగ్గర ఆగిపోయారు.

వారం రోజులు సిద్ధాంతం చెప్పారు. ఇరవై మందీ పెట్టెల వంకా, ఆయన వంకా చూశారు; ఎనిమిదో రోజున పద్నాలుగు మందే వచ్చారు. ఆ సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళి కుంచెల డబ్బా దించుకున్నారు. మర్నాడు పొద్దున్నే వచ్చి, లోపల ఏముందో అదే పెట్టె మీద రాశారు. రాయడమంటే అక్షరాలు కాదు. మానిటరు ఉన్న పెట్టె మీద వెలుగుతున్న మానిటరు, కీబోర్డు ఉన్న పెట్టె మీద కీబోర్డు, ఒక్కో మీటా దాని కొలతలో, దాని నీడతో సహా. సీలు మీద ఒక్క చుక్క పడలేదు. ఉత్తర్వును ఆయన అక్షరాలా పాటించారు.

పిల్లలు ఆ మీటల మీద వేళ్ళాడించి చూసి నవ్వారు. నవ్వినవాళ్ళు మర్నాడు మిగతా ఆరుగురిని కూడా తీసుకొచ్చారు.

తరువాతి పాఠం సినిమా. తీయాలంటే కెమెరా కావాలి. అది పెట్టెలో ఉంది కనుక, పాత దరఖాస్తుల వెనుక వైపు తెల్లకాగితమే తెర అయింది. ఒక్కో కాగితం మీద ఒక్కో షాటు బొమ్మ గీసి, గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తాడు కట్టి, బట్టల క్లిప్పులతో వరసగా తగిలించారు. లిఫ్టు ఎక్కడానికి భయపడి ఏడంతస్తులు మెట్లెక్కే ముసలావిడ కథ. మొత్తం నూట నాలుగు బొమ్మలు.

ఆ ఇరవై మందిలో ఒక అమ్మాయిని అందరూ కత్తెర అంటారు. పందొమ్మిదేళ్ళది. మేనత్త టైలరింగు షాపులో గుడ్డ కత్తిరించడం పని. తాడు ముందు అటూ ఇటూ రెండు రోజులు నడిచి, మూడో రోజున ఏ కాగితం ఎందుకు అనవసరమో చెప్పడం మొదలుపెట్టింది. ముందు తొమ్మిది తీసింది. తరువాత ఇరవై. ఆఖరికి ముసలావిడ ఏడో అంతస్తు చేరుకునే పన్నెండు బొమ్మలూ ఒక్కసారే తీసి పక్కన పెట్టింది. ఆరో అంతస్తు మెట్టు మీద ఆవిడ కూర్చోవడంతో కథ ఆగిపోయింది.

"ఇంతకీ పైకి వెళ్ళిందా లేదా అమ్మా?"

"వెళ్తుంది మాస్టారూ. కూర్చున్న మనిషి లేవదూ?"

మాస్టారు తాడు వెంట మొదటి నుంచి నడిచారు. ఆరో అంతస్తు దగ్గర తనకు తెలియకుండానే మోకాలి మీద చెయ్యి వేసుకున్నారు. ఈ పిల్లకు తాను నేర్పగలిగింది ఇక ఏమీ లేదని ఆయనకు అర్థమైంది. ఆమెను నేర్పగలవాళ్ళ దగ్గరికి చేర్చడం ఒక్కటే మిగిలింది.

అవకాశం తనంతట తానే నడిచి వచ్చింది. శాఖ వెబ్‌సైటుకు ఫోటోలు తీయడానికి ఒక వీడియో స్టూడియో యజమాని వచ్చాడు. గుమ్మంలో నిలబడి తీస్తే అట్టపెట్టెలు అట్టపెట్టెల్లా కనిపించవని కనిపెట్టి, గుమ్మంలోంచే తీశాడు. పోతూ పోతూ తాడు దగ్గర ఆగాడు. పది నిమిషాలు ఆగాడు. ఈ కథను ఇలా కోసింది ఎవరని అడిగాడు. ఒకటో తారీకు నుంచి ఎడిటింగులో అప్రెంటిసుగా రమ్మన్నాడు. తొంభై రోజుల శిక్షణ పూర్తయిందని శాఖ ఇచ్చే సర్టిఫికెట్టు ఒక్కటి తెస్తే చాలు, అది లేకపోతే మాత్రం చేర్చుకునే వీల్లేదన్నాడు.

మేనత్త సంగతి వేరు. షాపు ఎలాగూ మూతపడుతోంది. బట్టల ఫ్యాక్టరీలో మేనకోడలికి ఒక మిషను ఖాళీగా ఉంచమని సూపర్‌వైజరును బతిమాలి ఒప్పించింది. అదీ ఒకటో తారీకుకే. చేరితే రెండేళ్ళు కదలకూడదని కాగితం రాసివ్వాలి. "మీ సర్టిఫికెట్టు ముందొస్తే అటు, ఫ్యాక్టరీ కాగితం ముందొస్తే ఇటు. నాకేం పట్టుదల లేదు మాస్టారూ. ఖాళీగా మాత్రం ఉండనివ్వను," అంది.

మాస్టారు డైరెక్టరు గారి గదికి వెళ్ళారు. డైరెక్టరు గారు సావధానంగా విన్నారు. ఆయన ఎవరు చెప్పినా సావధానంగానే వింటారు.

"శిక్షణ పూర్తయిందని రాశాననుకోండి. సీలు విప్పకుండా ఎలా పూర్తయిందని ఆడిట్ అడుగుతుంది. కాలేదని రాశాననుకోండి. తొంభై రోజులూ ఏం చేశారని అడుగుతుంది."

"మరేం రాస్తారండీ?"

"అందుకే ఏమీ రాయను. అదే నిజాయితీ."

మాస్టారు మరో మూడుసార్లు వెళ్ళారు. మూడుసార్లూ కుర్చీ చూపించారు, మంచినీళ్ళు ఇప్పించారు. ప్రారంభోత్సవం అయితే తప్ప సర్టిఫికెట్టు అన్న మాట ఎత్తడానికి లేదని మూడుసార్లూ తేలింది. ఈలోగా వెబ్‌సైటులో ఫోటోలు చూసిన అమాత్యులు మురిసిపోయారు. మిగతా కేంద్రాలన్నిటిలో కంప్యూటర్లు మూసి ఉన్నాయని, ఈ ఒక్క కేంద్రంలో మాత్రం స్క్రీన్లు కళకళలాడుతున్నాయని, ఇదే రాష్ట్రానికి ఆదర్శమని ప్రకటించారు. సీలు ఉండగా స్క్రీన్లు ఎలా వెలిగాయని అడగవలసిన డైరెక్టరు గారికి ప్రశంసాపత్రం వచ్చింది కనుక ఆయన అడగలేదు. తొంభయ్యో రోజున, నెలాఖరున, ప్రారంభోత్సవానికి ముహూర్తం కుదిరింది.

ఆ పొద్దున అమాత్యుల పీఏ ముందుగా వచ్చి ఏర్పాట్లు చూశాడు. డైరెక్టరు గారు స్వహస్తాలతో సీళ్ళు చింపారు. అసలు కంప్యూటర్లు బల్లల మీదికి ఎక్కాయి. అప్పుడు తెలిసింది, గదిలో వాటికి ప్లగ్గు పెట్టే చోటు లేదని. ఆరు స్క్రీన్లూ నల్లగా, మూగగా నిలబడ్డాయి.

పీఏ ఫోనులో ఫోటోనూ, ఎదురుగా ఉన్నదాన్నీ మార్చి మార్చి చూశాడు. "సార్ చూసి మెచ్చుకున్నవి ఇవి కావే," అన్నాడు.

అవి వాటి పెట్టెలండీ అన్నారు మాస్టారు.

"అయితే పెట్టెలే పెట్టండి. సార్‌కి నచ్చినవి తీసేసి వేరేవి పెడితే బాగుంటుందా?"

అసలు కంప్యూటర్లు గోడ వారకు చేరి దుప్పట్లు కప్పుకున్నాయి. ఖాళీ పెట్టెలు బల్లలెక్కాయి. పెట్టెలు విప్పడంలో చెదిరిన రంగుకు మాస్టారు అక్కడక్కడా కొత్త పూత వేశారు. పాలరాతి ఫలకం ఇంకా రాలేదు కనుక ప్లైవుడ్డును పాలరాయిగా చూపించే పని కూడా ఆయన మీదే పడింది. అమాత్యుల పేరు, దాని కింద తేదీ. అక్షరాల మధ్య ఎడం ఈసారి సరిగా ఉంది.

అమాత్యులు విచ్చేశారు. రిబ్బను కత్తిరించారు. మొదటి పెట్టె ముందు కూర్చుని, చూపుడువేలితో ఒక మీట నొక్కారు. స్టూడియో యజమాని కెమెరా మీద వంగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వేలికి నల్లరంగు అంటుకుంది. పీఏ జేబురుమాలు అందించాడు. అమాత్యులు వేలు తుడుచుకుంటూ, ఈ కొత్త మోడల్ చాలా మెత్తగా ఉందని మెచ్చుకున్నారు.

తరువాత తాడు దగ్గరికి వెళ్ళి, కాగితాలు ఒక్కొక్కటే చూసుకుంటూ ఆరో అంతస్తు దాకా నడిచారు.

"ఇదే సాఫ్ట్‌వేర్?"

"ఆఫ్‌లైన్ వెర్షన్ సార్," అన్నారు డైరెక్టరు గారు.

అమాత్యులు తలపంకించి, ఎవరికైనా ఏమైనా కావాలా అని పిల్లలను అడిగారు. అన్నీ ఉన్నాయి సార్ అని అందరూ ఒక్క గొంతుతో అనాలని రెండు రోజులుగా అభ్యాసం జరిగింది. పందొమ్మిది గొంతులు అన్నాయి. కత్తెర మాత్రం, నాకు సర్టిఫికెట్టు కావాలండి, రేపే చేరాలి అంది.

"ఇవ్వండయ్యా, దానికేముంది," అన్నారు అమాత్యులు.

డైరెక్టరు గారు ముందుకు వంగి, ప్రారంభం ఇవాళే కనుక ముగిసిందని ఇవాళే రాయడం కుదరదని చెవిలో మనవి చేశారు.

"ప్రారంభించింది మనమేగా?"

"మనమే సార్."

"అయితే మనం తొంభై రోజుల కిందటే ప్రారంభించాం. తేదీ మార్చండి."

మాస్టారు ముందుకు వచ్చి, పాలరాయి రంగు కలిపి, పాత తేదీ మీద పూసి, ఆరకముందే కొత్త తేదీ వేశారు. అది చూసి పీఏ ముఖం చిన్నబోయింది. ఆ తేదీన సార్ విదేశీ పర్యటనలో ఉన్నారని, పేపర్లలో ఫోటోలు కూడా వచ్చాయని అన్నాడు. కత్తెర నేల చూపులు చూస్తోంది. అమాత్యులు అరనిమిషం ఆలోచించారు. అంత వేగంగా ఆలోచించగలవారు కనుకనే ఆ స్థానంలో ఉన్నారు.

"అక్కడి నుంచే ప్రారంభించాను. డిజిటల్‌గా."

ఈసారి చప్పట్లు మొదటిసారి కంటే ఎక్కువసేపు మోగాయి. మాస్టారు తేదీ పక్కన ఆ మాట కూడా చేర్చారు. డైరెక్టరు గారు అట్టపెట్టె కీబోర్డు మీదే కాగితాలు పరిచి ఇరవై సర్టిఫికెట్లకూ సంతకాలు చేశారు.

కత్తెర ఒకటో తారీకున స్టూడియోలో చేరింది. మూడు వారాల తరువాత ఒక ఆదివారం మాస్టారు ఇంకా మూతపడని మేనత్త షాపు ముందు నుంచి వెళుతుంటే, ఆవిడ కేకేసి కూర్చోబెట్టి, ఫోను చేతికిచ్చింది. ఆదర్శ కేంద్రం మీద శాఖవారి వీడియో విడుదలైంది. లక్షమంది చూశారట. అమాత్యులు నడిచి వచ్చారు, మీట నొక్కారు, నవ్వారు. ఆయన చుట్టూ పిల్లలు చెయ్యెత్తి నవ్వారు. వాళ్ళలో ఒక్కరినీ మాస్టారు గుర్తుపట్టలేకపోయారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. తాడూ లేదు, ముసలావిడా లేదు.

"ఏమే, నువ్వెక్కడున్నావే ఇందులో?" అంది మేనత్త.

స్టూడియోకు సెలవు కనుక కుట్టు మిషను మీద ఉన్న కత్తెర తలెత్తింది. "ఇరవై రెండో సెకనులో ఉన్నానత్తా. తీసేశాను."

"నీ బొమ్మ నువ్వే తీసేసుకున్నావా?"

"అందరివీ. మేం వెనకబడినట్టు కనిపించడం లేదని శాఖవాళ్ళు రాసి పంపించారు. ఫీలింగు బాగా ఇచ్చేవాళ్ళని వేరే తెచ్చి తీశాం."

మాస్టారు వీడియోను ఇరవై రెండో సెకను దగ్గర మూడుసార్లు ఆపి చూశారు. అతుకు ఎక్కడా తెలియలేదు. బాగా కోశావమ్మా అన్నారు. ఆ మాట నిజమే.

"స్టూడియోలోనూ అదే అన్నారు మాస్టారూ. రెండో బ్యాచ్ వీడియో కూడా నాకే ఇచ్చారు."

రెండో బ్యాచ్‌కి ఇంకా పిల్లలను ఎంచుకోలేదు కదా అన్నారు మాస్టారు.

"లేదండి," అంది కత్తెర, దారం కొరికి తెంపుతూ. "వీడియో నిన్న పంపేశాం."