సరళరేఖ హత్య కేసు

"నేరం జరిగింది. నేరస్థుడు ఈ గదిలోనే ఉన్నాడు. నా కళ్ళు గప్పగలిగినవాడు ఇంతవరకూ పుట్టలేదు," అని ప్రకటించారు ఫిజిక్స్ లెక్చరర్ గారు.

గదిలో ఉన్నది ఇద్దరే, ఆయనా ఆయన శిష్యురాలూ. తనను తాను అనుమానించుకునే అలవాటు ఆయనకు లేదు గనుక, మిగిలింది ఎవరో ఆ పిల్లకు వెంటనే అర్థమైంది.

కాలేజీలో ఆమెను అందరూ 'నిదానం' అంటారు. వేసవి సెలవుల్లో ఒక లెక్చరరూ ఒక డిగ్రీ విద్యార్థీ జట్టుగా వచ్చి పరిశోధన చేసుకోవచ్చని ఈ పెద్ద ల్యాబ్ వాళ్ళు పిలిస్తే, దరఖాస్తు రాసింది నిదానం, సంతకం పెట్టింది సారు. వచ్చాక కూడా పని పంపకం అలాగే సాగింది. ఆమె పరికరం ముందు కూర్చుంటే, ఆయన క్యాంటీన్‌లో కూర్చుని డిటెక్టివ్ నవలలు నమిలేవారు.

వేసవి అతిథులకు ఇచ్చారంటే ఆ గది ఇంకెవరికీ అక్కర్లేదన్నమాట. గోడ అవతల లిఫ్టు, గోడ ఇవతల అతి సూక్ష్మమైన అయస్కాంత బలాన్ని కొలిచే పరికరం. తెరమీద గీత తిన్నగా సాగాలి. అది ఉండుండి ఎగిరిపడుతోంది. సాయంత్రం డైరెక్టరమ్మ వచ్చేలోగా దారికి రాకపోతే మర్నాడే జట్టు ఇంటికి. పై చదువుకు ఇక్కడే సీటు వస్తుందని ఆశపడ్డ నిదానానికి తిండి సహించడం లేదు.

"ఇది శత్రువుల కుట్ర. లోపల వాళ్ళ మనిషి ఉంది," అన్నారు సారు.

"ఉంది అంటే, నేనా సార్?"

"నేననలేదు. నువ్వే అన్నావు."

"దగ్గర్లో ఎక్కడో ఇనుము కదులుతోందేమో సార్. వెతుకుదామా?"

"ఇనుముకి ఉద్దేశం ఏముంటుంది? ఉద్దేశం లేకుండా నేరం ఉండదమ్మాయ్."

సారు దర్యాప్తుకు బయలుదేరారు. లిఫ్టెక్కి పై అంతస్తులో లేత్ పనివాణ్ణి నిలదీశారు. దిగి వాచ్‌మన్‌ని నిలదీశారు. మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగి గదికొచ్చారు.

"గీత ఎగిరిందా?"

"నాలుగుసార్లు ఎగిరింది సార్."

"చూశావా? నేను గది దాటితే చాలు ఎగురుతోంది. నేను లేని సమయం చూసి కొడుతున్నారు."

మధ్యాహ్నం ఆయన డైరెక్టరమ్మను వరండాలో పట్టుకుని, "నా అనుమానం మా అమ్మాయి మీదే," అని చెవిలో ఊదడం నిదానం స్వయంగా విన్నది. ఒళ్ళు మండిపోయింది. కానీ గీత తిన్నగా సాగనిదే ఆమె మాట నమ్మేదెవరు?

సారు చివరి అస్త్రం తీశారు. వేలిముద్రల కోసం లిఫ్టు బటన్ల మీద డబ్బాడు ఫేస్ పౌడర్ గుమ్మరించి, లోపలే మాటువేశారు. బటన్ల సందుల్లోకి పౌడర్ దిగింది. లిఫ్టు రెండంతస్తుల మధ్య మూలిగి ఆగిపోయింది.

డైరెక్టరమ్మ వచ్చేసరికి తెరమీద గీత తిన్నగా సాగుతోంది.

"ఎప్పట్నించి ఇలా ఉంది?"

"సార్ లిఫ్టులో ఇరుక్కున్నప్పట్నించి మేడమ్," అన్నది నిదానం. అన్నాక తన మాట తనకే వినిపించి, వరండాలోకి పరుగెత్తింది. అక్కడ లిఫ్టు మెకానిక్ పనిముట్లు విప్పుతున్నాడు. "అన్నా, దాన్ని ఒక్క అడుగు కదిలించగలవా?"

అతను కదిలించాడు. గదిలో తెరమీద గీత ఎగిరిపడింది.

డైరెక్టరమ్మ గోడకేసి చూసి వరండాలోకి వచ్చింది. "ఈ గదిలోంచి ఇప్పటికి ఎన్ని జట్లని చేతకానివాళ్ళంటూ పంపేశామో. సరేలే. చీకటిపడేదాకా గీత తిన్నగా సాగితే నీ సీటు నీది."

మెకానిక్ తల గోక్కున్నాడు. "లోపల ఫ్యానూ లైటూ ఉన్నాయిలే. సారుని ఇప్పుడే దించనా, ఏమ్మా?"

లిఫ్టులోంచి గొంతు వినిపించింది. "అమ్మాయ్, నేరస్థుడు దొరికాడా?"

"దొరికాడు సార్. మీరు వాడి కడుపులోనే ఉన్నారు. చీకటిపడేదాకా వాణ్ణి కదలనివ్వకండి."