మెడిసిన్ క్లాజు

అమెరికాలో కాలేజీ చదువుకి దారులు అనేకం. వాటిలో అన్నిటికంటే పద్ధతిగా సాగేది బేస్‌బాల్ సరిగ్గా ఆడలేకపోవడం. గ్రీన్‌హిల్ హెరన్స్ అనే క్లబ్బు, తాను తీసుకున్న కుర్రవాణ్ణి ఎప్పుడైనా వద్దని పంపించేస్తే అతని కాలేజీ ఖర్చు తానే భరిస్తానని కాంట్రాక్టులో రాసిచ్చేది. (తనంతట తాను మానేసినవాడికి ఏమీ రాదు. పనికిరాకపోవడం వేరు, పని మానేయడం వేరు.)

1984 వేసవిలో ఆ క్లబ్బు మనిషి నోవై అనే ఊళ్ళో ఆదిశేషు ఇంటికి వచ్చాడు. ఆదిశేషు కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆయన కొడుకు భాస్కర్ హైస్కూల్లో బంతిని బాదిన తీరు చూసి వచ్చాడా మనిషి. మిగతా తండ్రులైతే అడ్వాన్సు ఎంతని అడుగుతారు. ఆదిశేషు ఆ ఊసే ఎత్తకుండా కాలేజీ క్లాజు చదివి పెన్ను తీశాడు.

"కాలేజీ అంటే నాలుగేళ్ళేనా? మరి మెడిసినో?"

"ఇది బేస్‌బాల్ కాంట్రాక్టు సర్."

"అందుకే అడుగుతున్నాను."

వచ్చినవాడు రెండో పెసరట్టు ముగించేసరికి మెడిసినూ, దాని మీద స్పెషలైజేషనూ, హాస్టలూ, పుస్తకాలూ, చలికోటూ క్లాజులోకి చేరిపోయాయి.

"వాడు వెళ్ళేది ఆడ్డానికా, చదవడానికా?" అంది భార్య శారద వంటింట్లోంచి.

"ముందు ఆడతాడు. వీళ్ళు ఎంత త్వరగా పంపించేస్తే అంత త్వరగా డాక్టరవుతాడు."

అప్పటినుంచి ఆదిశేషు ప్రతి వీకెండూ డ్రైవ్ చేసుకుని వెళ్ళి, మ్యాచ్ చూసి వచ్చేవాడు. కొడుకు బ్యాటుకి బంతి తగలనప్పుడల్లా ఆయన ప్రాణం కుదుటపడేది. ఉండబట్టలేక చప్పట్లు కూడా కొట్టేవాడు. (అవతలి జట్టువాళ్ళు ఆయన్ని తమ అభిమానిగా భావించి ఒకసారి టోపీ బహూకరించారు.) భాస్కర్ ఆట మొదటి సీజన్లో అధ్వాన్నంగానూ, రెండో సీజన్లో అంతంతమాత్రంగానూ సాగింది. అతని కంటే మెరుగ్గా ఆడినవాళ్ళు పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోయారు. భాస్కర్‌ని మాత్రం ఎవరూ పొమ్మనలేదు.

మూడో సీజన్లో ఆదిశేషు ఓపిక నశించి, క్లబ్బువారి విద్యా సదుపాయాల సమన్వయాధికారి విట్‌కాంబ్‌ని కలిశాడు.

"పంపించేస్తే మేం ఒక డాక్టర్ని తయారుచేయాలి సర్," అన్నాడు విట్‌కాంబ్ మర్యాదగా. "ఉంచుకుంటే అన్నం పెట్టి బస్సెక్కిస్తే చాలు. మా అకౌంట్స్ వాళ్ళు మీ అబ్బాయిని పర్మనెంట్ చేశారు."

బేస్‌బాల్ ఆటలో పర్మనెంట్ ఉద్యోగం సంపాదించిన మొదటి తెలుగువాడు కార్లో కూర్చుని తండ్రి కోసం ఎదురుచూస్తున్నాడు. తండ్రి వచ్చి చెప్పిన సంగతంతా విన్నాడు.

"అందుకా టీమ్‌లో నన్ను డాక్టర్ అంటారు," అన్నాడు. "నేను బాగా ఆడుతున్నా, అందుకే ఉంచారు అనుకున్నా, డాడ్. ఈ ఇయర్ ఇంప్రూవ్ అయ్యా. యూ సా ఇట్, కదా?"

ఆదిశేషు మనసు చివుక్కుమంది. చూడకేం, ప్రతి మ్యాచూ చూశాడు. ఈ వేసవిలో తాను చప్పట్లు కొట్టిన సందర్భాలు బాగా తగ్గాయని ఆయనకి అప్పుడే తోచింది.

"చూశాన్రా. బాగా ఆడుతున్నావు," అన్నాడు. ఆ మాట ఆయన కొడుకుతో అనడం అదే మొదలు.

మర్నాడు తండ్రీకొడుకులిద్దరూ విట్‌కాంబ్ ముందు కూర్చున్నారు.

"ఆ క్లాజు కొట్టేయండి. మావాణ్ణి వాడి ఆట చూసి ఉంచుకోండి," అన్నాడు ఆదిశేషు. ఎన్నేళ్ళకో ఆయన గుండెలో భయం లేదు, గర్వం ఉంది.

క్లాజు కొట్టేసినట్టు రాసిన కాగితం మీద భాస్కర్ సంతకం చేశాడు. విట్‌కాంబ్ లేచి నిలబడి, కొడుకు మీద ఇంత నమ్మకమున్న తండ్రిని తన సర్వీసులో చూడలేదని చెప్పి కరచాలనం చేశాడు. ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి, అదే సొరుగులోంచి ఎప్పుడో టైపు చేసి ఉంచిన మరో కాగితం తీసి భాస్కర్‌కి అందించాడు. అతణ్ణి ఆ రోజు నుంచే క్లబ్బులోంచి తీసేశారని అందులో ఉంది.

"అభినందనలు," అన్నాడు విట్‌కాంబ్. "ఇక మీ అబ్బాయి ఏ మెడికల్ కాలేజీలో చేరినా మాకు అభ్యంతరం లేదు."