తల్లివైపు వారికి మాత్రమే ప్రవేశం

ఎవరికి ఎవరేమవుతారన్న ప్రశ్న మనిషి పుట్టిన నాటి నుంచీ తేలలేదు. పెద్దాసుపత్రి పరిపాలనా విభాగం దాన్ని ఒక్క సర్క్యులర్‌తో తేల్చేసింది. ఇకమీదట రోగి పక్కన తోడుండే హక్కు తల్లివైపు రక్తం కలిసినవారికే. మనిషి నోటిమాట నమ్మరు. అదే నోట్లో దూదిపుల్ల తిప్పి తీసిన ఉమ్మిని నమ్ముతారు. మన కణాల్లో మైటోకాండ్రియా ఉంటుందనీ, దాని డీఎన్‌ఏ తల్లి నుంచే బిడ్డకొస్తుందనీ, ఆ దారం పట్టుకుని అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మకు అమ్మ అంటూ వేల ఏళ్లు వెనక్కి నడవొచ్చనీ గోడమీద బొమ్మలతో సహా రాయించారు. (దరఖాస్తులో తండ్రి పేరు తప్పనిసరి. తల్లి పేరుకు గడి లేదు.)

మొదటిరోజే భర్తలంతా బయటికొచ్చేశారు. జీవితమంతా కలిసి కాపురం చేసినా రక్తంలో ఒక్క అక్షరం కలవలేదని తేలింది. కోడళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

సరిగ్గా ఆ వారమే ఒక పెద్దావిడ మెట్లమీంచి జారి, తుంటి విరిగి ఆడవాళ్ల వార్డులో చేరింది. ఆవిడ ఉద్యోగమున్నన్నాళ్లూ బస్టాండులో అనౌన్స్‌మెంట్లు చదివింది. ఒకరోజు బెంచీ కింద ఏడుస్తున్న పసిదాని గురించి మైకులో మూడుసార్లు చెప్పింది. ఎవరూ రాలేదు. పోలీసులు వెతికారు, కోర్టు కాగితాలిచ్చింది, ఆవిడ పిల్లను చంకనేసుకుని ఇంటికెళ్లింది. ఇందులో దాపరికమేం లేదు, వీధి వీధంతా ఎరిగిందే. ఆ పిల్ల ఇప్పుడు కళ్లద్దాల కొట్టులో పనిచేస్తోంది. (ఆమెను కూతురనే పిలుద్దాం. ఆసుపత్రివారికి అభ్యంతరం ఉంది.)

ఫలితం వచ్చింది: సంబంధం లేదు. కూతురు పరుగున మాతృరేఖాధికారి గదికెళ్లింది.

"ఆవిడ మా అమ్మండీ!"

"అది మీ అభిప్రాయం," అన్నాడాయన మర్యాదగా. "మీ శాఖ వేరు, ఆవిడ శాఖ వేరు. మీ రెండువైపుల అమ్మమ్మలూ విడిపోయి నలభైవేల ఏళ్లయింది. అభ్యంతరాలేమైనా ఉంటే అప్పుడే చెప్పాల్సింది."

"అప్పటికి నేను పుట్టలేదండీ."

"మేమూ అదే రాసుకున్నాం. సంబంధిత కాలంలో దరఖాస్తుదారు గైర్హాజరు."

"ఇంకా వెనక్కెళితే అందరికీ ఒక్క అమ్మేనని మీ గోడమీదే రాసుంది కదండీ!"

"రాసుంది. ఆవిడ మా ఆసుపత్రిలో చేరలేదమ్మా."

తోడు లేని రోగికి ఆపరేషన్ చెయ్యరు. అందుకని కంప్యూటరు ఊళ్లో ఉమ్మిచ్చిన వాళ్లందరినీ వడపోసి, పెద్దావిడకు అతి దగ్గరి బంధువును పట్టుకుంది. అతను వార్డు గేటు దగ్గర వాచ్‌మన్. కూతుర్ని లోపలికి పోనివ్వకుండా పొద్దుట్నుంచీ ఆపుతున్నది అతనే. ఇద్దరి తల్లివైపు వాళ్లూ విడిపోయి ఆరువేల ఏళ్లే అయింది. (నిబంధనల ప్రకారం ఇది తోబుట్టువులతో సమానం.)

వాచ్‌మన్ టోపీ చేత్తో పట్టుకుని మంచం దగ్గర నిలబడ్డాడు.

"ఎవరు నాయనా నువ్వు?" అంది పెద్దావిడ.

"మీకు తమ్ముడి వరసంటండి."

"ఎప్పుడూ చూళ్లేదే."

"ఆరువేల ఏళ్లుగా రాకపోకలు లేవండి."

"ఏ గొడవపడి పోయారో ఏమో! కూర్చో. అన్నం తిన్నావా?"

కంప్యూటరు ఎవరికీ అన్యాయం చెయ్యదు. సాయంత్రానికి కూతురి ఫోనుకూ అభినందనలొచ్చాయి. ఆమె బంధువు దొరికిందట. సరిగ్గా పెద్దావిడ పక్కమంచమే! రిటైరైన లెక్కల పంతులమ్మ. కోడల్ని బయటికి పంపేశాక పలకరించే దిక్కులేక, పైకప్పు వంక చూస్తూ పడుకునుంది. కూతురు వెంటనే వచ్చి ఆవిడకు సేవ చెయ్యాలి. రెండు మంచాల మధ్య నేలమీద పసుపు గీత. బంధుత్వాలు కలగాపులగం కాకుండా దాన్నెవరూ దాటకూడదు.

కూతురు గీతకు ఇవతల కూర్చుని పంతులమ్మకు జావ తాగిస్తూ, వీపు వెనక చెయ్యి చాపి వాళ్లమ్మ చెయ్యి పట్టుకునేది. చెయ్యి గీత దాటకూడదని సర్క్యులర్‌లో లేదు. (తర్వాత చేర్చారు.) నర్సు అటు తిరిగినప్పుడు వాచ్‌మన్ లేచి కూతురితో, "అమ్మాయీ, ఇటొచ్చి కూర్చో. ఈ పంతులమ్మగారికి నేను తాగిస్తా," అనేవాడు. పంతులమ్మ ఇదంతా చూసి, "మా కోడలు గుర్తొస్తోందే," అని గోడవైపు తిరిగింది.

ఆపరేషన్ నాటి పొద్దున డాక్టరు కాగితం తెచ్చాడు. ప్రాణానికేమైనా జరిగితే మాకు పూచీ లేదని సంతకం కావాలి. కూతురు చెయ్యి చాపింది. డాక్టరు కాగితాన్ని ఆమె మీదుగా వాచ్‌మన్‌కి అందించాడు.

వాచ్‌మన్ కలం మూత మళ్లీ పెట్టేశాడు. "సార్, మొన్నటిదాకా ఈవిడెవరో కూడా నాకు తెలీదు. రేపేమైనా అయితే?"

"మీరు రక్తసంబంధీకులు. చెప్పాల్సింది మీరే."

వాచ్‌మన్ కూతురి వంక చూశాడు. ఆమె తల ఊపింది. అతను సంతకం పెట్టాడు. థియేటర్ తలుపు దగ్గర పెద్దావిడ కళ్లద్దాలు తీసి, "మా అమ్మాయికివ్వండి," అంది. నర్సు రికార్డు చూసి వాటిని వాచ్‌మన్‌కిచ్చింది. అతను వార్డులో గీతదాకా నడిచొచ్చి, రెండు చేతుల్తో కూతురికందించాడు. ఆమె వాటిని కొంగుతో తుడుస్తూనే ఉంది, ఆపరేషన్ ముగిసి థియేటర్ దీపం ఆర్పేదాకా.

ఆపరేషన్ బాగానే జరిగింది. పెద్దావిడ కూతురి భుజం పట్టుకుని అడుగులో అడుగేస్తూ ఇంటికెళ్లింది. డిశ్చార్జి కాగితంలో మాత్రం ఆవిణ్ని వాచ్‌మన్‌కి అప్పగించినట్టుంది.

వార్షికోత్సవంలో వాచ్‌మన్‌కి శాలువా కప్పారు. కోడళ్లు లేరు, భర్తలు లేరు, వార్డులు ప్రశాంతంగా ఉన్నాయని డైరెక్టరు సంతోషం ప్రకటించాడు. రక్తం కలవనివాళ్లు ఒక రోగిని కనిపెట్టుకుని ఉన్న దాఖలా ఈ ఏడాది ఒక్కటి కూడా నమోదు కాలేదనీ, పరాయివాళ్లు పరాయివాళ్లేనని సైన్సు మరోసారి రుజువు చేసిందనీ ఆయన చప్పట్ల మధ్య ముగించాడు.