కింద ఉండవలసిన చెయ్యి

మన దేశంలో దానధర్మాలకు ఏనాడూ లోటు లేదు, వాటికి తగినన్ని తపాలా బిళ్లలకే కరువు. బిళ్ల పడనంతవరకు ఎంతటి సహాయోద్యమమైనా ఒట్టి వంట కిందే లెక్క. ఈ సత్యాన్ని ఏలూరులో మొట్టమొదట గ్రహించినవారు భీమశంకరం మాష్టారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన ఆయన ‘పిడికెడు బియ్యం సహాయోద్యమాని’కి వ్యవస్థాపక అధ్యక్షులు. (ఉపాధ్యక్ష పదవికి తగినవారు ఆయన దృష్టికి ఇంకా రాలేదు.) దాతగా ఒక్కసారి బిళ్ల ఎక్కితే చాలు, ఆ పైన ఏమైపోయినా ఫరవాలేదన్నది ఆయన కోరిక.

ఉద్యమం పుట్టుక ఇలా జరిగింది. ఆ మధ్య కొల్లేరు పొంగినప్పుడు మాష్టారు పులిహోర పొట్లాలు, బ్యానరు వేసుకుని మండవల్లి అవతల ఒక లంక ఊరికి బయల్దేరారు. ఊరి మొగలోనే పడవ బోల్తా కొట్టింది. పొట్లాలు చేపలకు అందాయి. (చెరువు గట్లు తెగి అవీ నిరాశ్రయులే గనక పంపిణీ జరిగినట్టే వార్షిక నివేదికలో రాసుకున్నారు.) మాష్టారిని ఊరివాళ్లు దోనెలో వేసుకొచ్చి స్కూలు మేడ ఎక్కించారు. నీళ్లు తీసేదాకా ఆయనకు అన్నం పెట్టింది రాజ్యం అనే ఆవిడ. వరిచేలూ చేపల చెరువులూ ఉన్న ఇంటి ఇల్లాలు, ఆ మేడ మీద ఊరందరికీ పొయ్యి వెలిగించింది ఆవిడే.

ఎవరెవరినో పట్టుకుంటే చివరికి బిళ్ల మంజూరైంది. అయితే బతికున్నవారి మొహాలు కూడదనీ, చేతులు మాత్రమే వేస్తామనీ బిళ్లల బొమ్మల ఉపసంఘం సెలవిచ్చింది. మిగతా నిబంధనలు ఉద్యమాన్నే రాసుకోమంది. మాష్టారు కూర్చుని రాశారు: దాత చెయ్యి పైన, గ్రహీత చెయ్యి కింద ఉండవలెను. గ్రహీత ఆభరణములు ధరించరాదు, మాట్లాడరాదు.

వరదలో తీసిన ఫొటో ఒక్కటీ లేదు. అప్పుడు ఎవరి చెయ్యీ ఖాళీగా లేదు. (మాష్టారి చేతిలో కంచం ఉంది.) అందుకని ఎండాకాలంలో రాజ్యం చెరువు గట్టు మీదే వరద జరిపించాలనీ, గ్రహీతగా ఆవిడనే అడగాలనీ తీర్మానమైంది. అడగడానికి మాష్టారికి సిగ్గేసింది, నిజంగానే సిగ్గేసింది. ఉద్యమం కోసం సిగ్గు విడవడం కూడా త్యాగమేనని సర్దిచెప్పుకున్నారు.

ఆవిడ కాదనలేదు. బంగారు గాజులు తీసి పక్కన పెట్టి చెయ్యి చాపింది. తీరా చూస్తే అది బోర్లా పడింది. ఫొటోగ్రాఫరు దత్తసాయి ఎన్నిసార్లు సరిచేసినా, పొట్లం తగిలేసరికి ఆ చెయ్యి పైకొచ్చేస్తోంది. ప్రతి ఫొటోలోనూ ఆవిడే మాష్టారికి పొట్లం ఇస్తున్నట్టుంది.

“వడ్డించే చెయ్యండీ, ఏమనుకోకండి,” అని రాజ్యం నొచ్చుకుంది. లోపలికెళ్లి అందరికీ కాఫీలు పట్టుకొచ్చింది.

దత్తసాయి ఉపాయం కనిపెట్టాడు. మాష్టారి కుడిచేతినే వెల్లకిలా పెట్టించి మరో ఫొటో తీసి, కంప్యూటర్లో దాత చేతి కింద అతికించాడు. అలవాటైన చెయ్యి కావడంతో ఒక్క దెబ్బకే కుదిరింది. బొటనవేలి పక్కనున్న పుట్టుమచ్చ రెండు చేతులకూ పడింది. దీన్ని చూసి ఉపసంఘం ముగ్ధమై, మానవులందరూ ఒక్కటేనన్న సందేశం అద్భుతంగా వచ్చిందని రాసి పంపింది.

ఏలూరు కల్యాణమండపంలో బిళ్ల ఆవిష్కరించారు. మాష్టారికి శాలువాలు కప్పారు. మూడో వరసలో కూర్చున్న రాజ్యం కళ్లజోడు సవరించుకుని బిళ్లను చాలాసేపు చూసింది.

వానలొచ్చాయి, కొల్లేరు మళ్లీ పొంగింది. బిళ్ల ఎక్కిన దాత ఇంట్లో ఎలా కూర్చుంటాడు? మాష్టారు పొట్లాలతో బయల్దేరారు. ఈసారి అనుభవం ఉంది గనక పడవ బోల్తా పడలేదు, గుర్రపుడెక్కలో చిక్కుకుపోయింది. పొద్దు తిరిగేసరికి ఆకలికి ఆగలేక పొట్లాలు తానే తినేశారు. మర్నాడు అదే దోనె వచ్చింది, అదే మేడ ఎక్కించింది.

రాజ్యం వరసగా వడ్డించుకుంటూ వచ్చింది. కంచాలు చాలక అన్నం ముద్దలు చేతుల్లోనే పెడుతోంది. మాష్టారు చెయ్యి చాపారు. ఆవిడ ముద్ద పెట్టబోయి, బొటనవేలి పక్కన చూసి ఆగింది.

“బిళ్లలో కింద చెయ్యి మీదేనాండీ మాష్టారూ?” అంది మెల్లగా. “ఎవరో పాపం, అనుకున్నానండీ. ఇంకో ముద్ద పెట్టనా?”

మాష్టారికి చెప్పుకోవాలని చాలా ఉంది. కానీ గ్రహీత మాట్లాడరాదని రాసింది ఆయనే.

తలూపారు, ముద్ద కోసం.