పెరట్లో సోఫా

ఆదివారం పొద్దున్నే అద్దాలాయన వంటింటి గుమ్మంలో నిలబడి, ఆ రోజంతా ఇంట్లో ఎవరూ 'చూడు' అనే మాట వాడకూడదని ప్రకటించాడు.

ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం, అందుకే వీధిలో ఆ పేరు. ఒక్కతే కూతురు, పశువుల డాక్టరు. తను పెళ్ళి చేసుకోవాలనుకుంటున్న లాయరుని ఆ రోజు భోజనానికి తీసుకొస్తానంది. లాయరుకి పుట్టుకతోనే చూపు లేదు. ఆ సంగతి కూతురు చెప్పినప్పుడు అద్దాలాయన తడుముకోకుండా "అయితే ఏమిటమ్మా, మనిషి మంచివాడైతే చాలు" అన్నాడు. అన్నాక తన విశాల హృదయానికి తనే ముచ్చటపడ్డాడు. ఆ ముచ్చట తీరాక మాత్రం "అయ్యో, నా పిల్ల" అన్న మాట గుండెలో ముల్లులా కదలడం మొదలుపెట్టింది. అది భార్యకి కూడా చెప్పలేదు.

"ఆ మాట లేకుండా ఎలా మాట్లాడతామండీ? సరే, ప్రయత్నించి చూస్తాను" అంది భార్య.

"అదిగో, అప్పుడే అనేశావు."

"ఈసారికి చూసీ చూడనట్టు వదిలెయ్యండి."

ఇక ఈవిడతో లాభం లేదనుకుని ఆయన ముందు గదిలోకి వెళ్ళాడు. వచ్చే మనిషి దేనికైనా తగిలి పడతాడేమోనని సోఫా, బల్ల, కుర్చీలు, పూలకుండీ, ఆఖరికి చెప్పుల స్టాండుతో సహా అన్నీ పెరట్లోకి చేరవేశాడు. కళ్ళు లేని మనిషి ముందు నాలుగు కళ్ళేసుకుని తిరగడం మర్యాద కాదనిపించి, తన కళ్ళజోడు కూడా తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఇంతలో కూతురు ఫోను చేసింది. "నాన్నా, ఇక్కడొక ఆవు ఈనలేక అవస్థ పడుతోంది. నేను రావడం ఆలస్యమవుతుంది. ఆయన్ని టాక్సీలో వచ్చెయ్యమన్నాను. నువ్వేం హడావుడి చెయ్యకు."

"నేనా? నేనేం చేస్తానే" అన్నాడాయన, పూలకుండీ మట్టి అంటిన చేతులు లుంగీకి తుడుచుకుంటూ.

లాయరు చెప్పిన వేళకే వచ్చాడు. అద్దాలాయన వీధి చివరికి వినపడేంత గొంతుతో "రండి బాబూ, ఇది గుమ్మం" అన్నాడు.

"వినపడుతుందండీ. కనపడకపోవడం ఒక్కటే" అని నవ్వాడు లాయరు. కర్ర తాటించుకుంటూ లోపలికి నడిచి, గది మధ్యలో ఆగిపోయాడు. "గది మోగుతోందేమిటండీ? సామాన్లేమీ లేవా?"

మీ కోసమే తీసేశానని ఎలా చెబుతాడు? "కొంచెం... తీసేశామండీ" అని నసిగాడు.

"అమ్మేశారా?"

"అబ్బే. అంటే... ఒకరకంగా..."

ఎదుటివాడి మౌనంలోంచి కేసు లాగడం లాయర్లకి వెన్నతో పెట్టిన విద్య. అతను మాట మార్చాడు. "దుకాణం ఎలా సాగుతోందండీ?"

ఈ మనిషి ముందు కళ్ళజోళ్ళ బేరం గురించి గొప్పలు పోవడమా? అద్దాలాయన గొంతు తగ్గించాడు. "ఇప్పుడా సంగతెందుకు లెండి."

భోజనాలకి బల్ల లేదు కాబట్టి నేల మీద దుప్పటి పరిచారు. అద్దాలాయన భార్య వడ్డిస్తూ "ఈ కూర కాస్త రుచి..." అని, తర్వాతి మాట నాలుక చివర తెగ్గొట్టింది. "రుచి... రుచి..." అంటుండగా మాట గొంతుకి అడ్డంపడి ఎక్కిళ్ళు వచ్చాయి. లాయరుకి అది ఏడుపులా వినిపించింది. మారు వడ్డించబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టి, "నాకు చాలమ్మా. మీకు ఉంచుకోండి" అన్నాడు మెల్లగా.

ఎక్కిళ్ళకి మంచినీళ్ళు తేవడానికి లేచిన అద్దాలాయన, కళ్ళజోడు లేకపోవడంతో తిన్నగా వెళ్ళి ద్వారబంధానికి గుద్దుకున్నాడు. లాయరు చప్పున లేచి ఆయన చెయ్యి దొరకబుచ్చుకున్నాడు. "మెల్లగా. నన్ను పట్టుకోండి. ఇదిగో, ఇక్కడ కూర్చోండి."

"ఇది నా ఇల్లేనండీ."

"మీదేనండీ. ఎవడు కాదంటాడో నేను చూస్తాను. కోర్టు ఖర్చుల సంగతి నాకొదిలెయ్యండి." అతను ఆయన మోచెయ్యి నిమిరాడు. పసివాడికి చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "ఇంత కష్టంలో కూడా నవ్వుతూ తలుపు తీశారు. ఎంత ధైర్యమండీ మీది. మిమ్మల్ని చూసి మేము నేర్చుకోవాలి." తర్వాత ఆవిడ వైపు తిరిగి, "ఈయన సరిగ్గా తింటున్నారామ్మా?" అని అడిగాడు.

అద్దాలాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నేనిక్కడే ఉన్నాను, నన్నడగండి. నాకేం తక్కువని ఈ జాలి? నా దుకాణం బ్రహ్మాండంగా ఉంది. నాకు సోఫా ఉంది, బల్ల ఉంది, కుర్చీలున్నాయి. అన్నీ పెరట్లో ఉన్నాయి."

"పెరట్లో ఎందుకున్నాయండీ?"

ఆయన కోపం చల్లబడడానికి ఆ ఒక్క ప్రశ్న చాలింది. "మీకు తగులుతాయని" అన్నాడు, తనకే సరిగా వినపడనంత చిన్నగా.

లాయరు పక్కనున్న కర్ర తడిమి అందుకున్నాడు. "తగలడానికే కదండీ ఈ కర్ర. అది దేనికో ఒకదానికి తగిలితేనే నాకు గది తెలిసేది. ఏదీ తగలకపోయేసరికి మీకు సర్వం పోయిందనుకున్నాను."

అద్దాలాయన దుప్పటి మీద చతికిలబడ్డాడు. "నాలుగు జాలి మాటలకే నాకు ఒళ్ళు మండిపోయింది బాబూ. మీరెలా భరిస్తున్నారు?"

"అలవాటైపోయిందండీ. కానీ ఎదుటివాడి మీద జాలిపడడం ఇంత హాయిగా ఉంటుందని ఇవాళే తెలిసింది. జనం ఎందుకు మానుకోరో ఇప్పుడర్థమైంది."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు చాటున అద్దాలాయన గుండెలోని ముల్లు బయటికి వచ్చేసింది. "నా పిల్ల జన్మంతా మీకు సేవ చేస్తూ అలిసిపోతుందేమోనని భయపడ్డానండీ."

"సేవా? ఆవిడ పగలంతా ఆవులతో ఉంటుంది. పెళ్ళయ్యాక వంట నాదేనని ఒప్పందం కూడా అయింది. ఆవిడ వంట మీరెప్పుడైనా తిన్నారా?"

అద్దాలాయన తిన్నాడు. ఆ రోజు మొత్తానికి మొదటిసారి, అతని మీద ఆయనకి న్యాయమైన జాలి కలిగింది. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, "పదండి, ముందు ఆ సోఫా లోపలికి తెచ్చుకుందాం" అన్నాడు.

కూతురు గడ్డి పరకలు అంటిన బూట్లతో వచ్చేసరికి, పెరటి గుమ్మంలో సోఫా అడ్డంగా ఇరుక్కుని ఉంది. దానికి అటు ఒకరు, ఇటు ఒకరు.

"ఎడమకి అంటే ఎడమకేనయ్యా. నీకు వాదించడం తప్ప ఇంకేం రాదా?"

"ముందు మీ వైపు ఎత్తండి మామగారూ. బరువంతా నా మీద పెట్టి సలహాలు చెబుతున్నారు."

"అమ్మా, ఏమిటిది?" అని గాభరాగా అడిగింది కూతురు.

"తిట్టుకుంటున్నారు. సంబంధం కుదిరినట్టే" అంది తల్లి.