కవరు కప్పిన గ్రిల్లు

ఆదివారం పొద్దున పళ్ళు తోముకుంటూనే సెలక్షన్ గారు ఆ రోజు కార్యక్రమాన్ని మనసులో ఒకసారి నెమరేసుకున్నారు. కోడిని కాల్చే కొత్త గ్రిల్లు వస్తుంది. పాత గ్రిల్లు పోతుంది. మధ్యాహ్నం భోజనానికి జనరల్ మేనేజర్ వస్తాడు. సోమవారం పర్చేజ్ హెడ్ పదవి వస్తుంది. ఇంత సుళువైన రోజు తన జీవితంలో ఇంకొకటి లేదనిపించి, నోటి నిండా నురగతోనే అద్దంలో తనను చూసుకుని నవ్వుకున్నారు.

ఆయన ప్లాస్టిక్ కుర్చీలు తయారుచేసే కంపెనీలో పర్చేజ్ ఆఫీసరు. మేకు నుంచి మోటారు దాకా కంపెనీకి ఏది కొనాలన్నా ఆయన చెయ్యి పడాల్సిందే. ఆఫీసులో ఎవరు మిక్సీ కొన్నా, మంచం కొన్నా, చివరికి కాళ్ళకు బూట్లు కొన్నా ముందు ఆయన్నే అడిగేవారు. అందుకే సెలక్షన్ గారన్న పేరు. ఆ పేరు పోతే ఒంటి మీద చొక్కా పోయినంత పని ఆయనకు. అలాంటి మనిషి ఎవరినీ అడక్కుండా, బొమ్మ చూసి మోజుపడి, ఒక పెల్లెట్ గ్రిల్లు కొని బోల్తా పడ్డారు.

పెల్లెట్ గ్రిల్లంటే మరేం లేదు. చెక్కపొట్టును గట్టిగా నొక్కి చేసిన గుళికలను పక్కనున్న డబ్బాలో పోసి, ఎంత వేడి కావాలో మీట తిప్పి చెబితే చాలు. అదే ఆ గుళికలను కాసిని కాసిని నిప్పులోకి తోసుకుంటూ, వేడిని నిలబెడుతూ, మాంసాన్ని పొగలో మెల్లగా కాలుస్తుంది. కాల్చాలి మరి! ఈయన కొన్నది మాత్రం సగం వేడెక్కి, గురగురమని, ఎర్రలైటు వెలిగించి చల్లారిపోయేది. మొదటి రోజు పొద్దున లోపల పెట్టిన కోడి సాయంత్రానికి కూడా పెట్టినప్పటి రంగులోనే ఉంది. ఆయన భార్య దాన్ని లాక్కెళ్ళి వంటింట్లో పెనం మీద కాల్చేసింది.

మర్నాడు ఆ పెనం కోడినే డబ్బాలో పెట్టుకుని ఆఫీసుకు వెళ్తే, జనరల్ మేనేజర్ ఎదురొచ్చి, "ఏవయ్యా, గ్రిల్లు కొన్నావట, ఎలా ఉంది?" అని అడిగాడు. పర్చేజ్ ఆఫీసరుకు తను కొన్నది బాగాలేదని చెప్పడానికి నోరు రావద్దూ? "అద్భుతం సార్! మనం పక్కన ఉండక్కర్లేదు, అన్నీ అదే చూసుకుంటుంది" అనేశారు. డబ్బా జనరల్ మేనేజర్ చేతికి వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చింది. ఇక అక్కణ్ణుంచి ఆయన నోటికి అడ్డులేకపోయింది. ఆ పొగ వాసనేమిటి, ఆ మెత్తదనమేమిటి అంటూ రోజుకో వర్ణన. వినేవాళ్ళందరిలోకీ ఎక్కువ నోరూరింది స్టోర్స్ ఆఫీసరుకి. హెడ్ పదవికి పోటీలో ఉన్నది కూడా ఆయనే.

తీరా పదవి ఖాయం చేసే వారంలో జనరల్ మేనేజర్ పిలిచి, "ఈ ఆదివారం మీ ఇంటికే భోజనానికి వస్తున్నానయ్యా. దాని దగ్గరే కూర్చుని చూడాలి" అన్నాడు. సెలక్షన్ గారు ఆ సాయంత్రమే వెళ్ళి, ఈసారి ఇద్దరు ముగ్గురిని అడిగి మరీ, కొత్త గ్రిల్లుకి ఆర్డరిచ్చారు.

"నిజం చెప్పేస్తే పోయేదిగా. బాగాలేదు, మోసపోయాను అంటే సరిపోయేది" అంది భార్య.

"పోయేది పదవే! ఇంట్లోకి పొయ్యి ఎంచుకోవడం రానివాడికి కంపెనీని అప్పజెప్తారా?"

"మరి పాతదాన్ని ఏం చేస్తారు?"

"స్టోర్స్ ఆయనకి ఇచ్చేస్తున్నా, ఊరికే."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. "అది పనిచెయ్యదని తెలిసీనా?"

"ఊరికే వచ్చినదాన్ని బాగాలేదని ఎవరైనా అంటారా? అన్నా, మా ఇంట్లో బ్రహ్మాండంగా పనిచేసింది, మీకే చేతకావట్లేదంటాను. ఆదివారాలన్నీ దాంతోనే కుస్తీ పడుతూ కూర్చుంటాడు."

"ఛీ, ఏం బుద్ధులండీ మీవి!" అంది గానీ, ఆవిడకూ నవ్వాగలేదు.

పాతదాన్ని తరలించే పని బావమరిదికి అప్పగించారు. ఆవిడ తమ్ముడతను, ఇళ్ళు మారేవాళ్ళకు సామాన్లు చేరవేసే వ్యాను నడుపుతాడు. "పెరట్లో కవరు కప్పి ఉంటుంది. ఆ కవరు కప్పింది తీసుకెళ్ళి స్టోర్స్ ఆయనింట్లో దింపెయ్. మా ఇంటి దగ్గర బెల్లు కొట్టకు, కేకలెయ్యకు, మా చుట్టుపక్కలవాళ్ళకి తెలియకూడదు" అని శనివారం ఫోన్లో ఒకటికి రెండుసార్లు చెప్పారు.

ఆదివారం కొత్త గ్రిల్లు అనుకున్న వేళకే వచ్చింది. పెట్టె విప్పి, కాళ్ళు, చక్రాలు బిగించి, పెరట్లో నిలబెట్టేసరికి దాని మెరుపుకి సెలక్షన్ గారి కళ్ళు చెమర్చాయి. ఒకసారి వెలిగించి చూస్తే చెప్పిన వేడి దగ్గర చెప్పినట్టు నిలబడింది. అంతలో నాలుగు చినుకులు రాలాయి. ఆయన ప్రాణం విలవిల్లాడింది. కొత్తదానికి తడి తగలడమే! గబగబా దాన్ని చల్లార్చి, పాతదాని మీది కవరు లాగి కొత్తదాని మీద కప్పి, హమ్మయ్య అనుకుని స్నానానికి వెళ్ళారు.

స్నానం, పూజ, టిఫిను తీరిగ్గా ముగించుకుని పెరట్లోకి వచ్చేసరికి పాత గ్రిల్లు వానలో తడుస్తూ ఒంటరిగా నిలబడి ఉంది. కొత్తదీ లేదు, కవరూ లేదు. తడినేల మీద చక్రాల జాడ మాత్రం గేటు దాకా తిన్నగా ఉంది.

"ఒరేయ్, ఎక్కడున్నావురా?" అని ఫోన్లో అరిచారు.

"దింపేసి టీ తాగుతున్నా బావా. బెల్లు కొట్టలేదు, కేకెయ్యలేదు, అచ్చం నువ్వు చెప్పినట్టే చేశా."

"నువ్వు తీసుకెళ్ళింది కొత్తదిరా!"

"కవరు కప్పింది తీసుకెళ్ళమన్నావు. అదే తీసుకెళ్ళా. నీ పాత గ్రిల్లు ఊరికే ఇస్తున్నావని చెప్పగానే నా చేతులు పట్టుకున్నాడు బావా. మీ బావ మనిషి కాడయ్యా, దేవుడు అన్నాడు."

సెలక్షన్ గారు నెత్తి కొట్టుకుని స్టోర్స్ ఆఫీసరుకి ఫోన్ చేశారు. నోరు విప్పేలోగానే అవతలాయన అందుకున్నాడు.

"సార్, మీ రుణం ఎలా తీర్చుకోను? ఎన్నాళ్ళుగానో వాడుతున్నారు, ఒక్క మరక లేదు! స్టిక్కర్లు కూడా ఊడలేదు సార్! వస్తువుని ఇంత అపురూపంగా చూసుకునే మనిషిని నేనింతవరకు చూళ్ళేదు."

"అదేనండీ... అందులో చిన్న లోపం ఉంది. కాస్త వెనక్కి పంపిస్తే బాగుచేయించి..."

"మీకెందుకు సార్ శ్రమ? అప్పుడే కోడి పెట్టేశాను. మా అత్తగారు జన్మలో మొదటిసారి నన్ను మెచ్చుకున్నారు!"

ఏమని అడుగుతారు? అది కొత్తది, మీకు పంపాలనుకున్నది పనికిరాని పాతది అనా? సెలక్షన్ గారు "సంతోషం" అని ఫోన్ పెట్టేశారు. అంత దుఃఖంగా ఆ మాట ఆయన ఎన్నడూ అనలేదు.

"ఇప్పుడైనా నిజం చెప్పండి" అంది భార్య.

"అప్పుడే కాదు. కోడిని ముందు గ్రిల్లులో పెడతా. ఆయన్ని హాల్లో కూర్చోబెట్టి నువ్వు మాటల్లో పెట్టు. నేను కోడిని వంటింటి కిటికీలోంచి లోపలికి అందిస్తా. పెనం మీద కాల్చాక మళ్ళీ గ్రిల్లులో పెట్టేద్దాం."

"ఆయన్ని మాటల్లో పెట్టి, ఆ సమయంలోనే కోడిని కూడా నేనే కాల్చాలన్నమాట" అంది ఆవిడ. ఆయన జవాబు ఆలోచించేలోగా బెల్లు మోగింది.

జనరల్ మేనేజర్ చెప్పిన వేళకన్నా ముందే వచ్చాడు. హాల్లో సోఫా వైపు కన్నెత్తి చూడలేదు. వరండాలో ఉన్న కుర్చీ ఒకటి, తమ కంపెనీదే, చంకన పెట్టుకుని తిన్నగా పెరట్లోకి నడిచి, గ్రిల్లుకి ఎదురుగా వేసుకుని, ఒళ్ళో గొడుగు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఊ, కానీవయ్యా. నువ్వేం చేస్తావో ప్రతిదీ చూడాలి."

"లోపలికి రండి సార్, పొగ మీ కళ్ళకి..."

"పొగ కోసమే వచ్చాను."

సెలక్షన్ గారు గుళికలు పోశారు, మీట తిప్పారు, కోడిని లోపల పెట్టారు. జనరల్ మేనేజర్ ముందుకు వంగి అంకెల వైపే రెప్పవేయకుండా చూస్తున్నాడు. "చల్లటి నీళ్ళు కావాలా సార్?" వద్దన్నాడు. "తోట చూస్తారా?" వద్దన్నాడు. "మీ కారు దీపాలు వెలుగుతున్నట్టున్నాయి సార్." వెలగనీ అన్నాడు. వంటింటి కిటికీలోంచి ఆవిడ పెనం చేతబట్టుకుని సైగలు చేస్తోంది. ఈయన అటు చూడలేక, ఇటు చూడలేక, చెమటలు కక్కుతున్నారు.

వేడి సగం దాకా ఎక్కి ఆగింది.

"ఇప్పుడు గురగురమంటుంది" అన్నాడు జనరల్ మేనేజర్ మెల్లగా.

గ్రిల్లు గురగురమంది.

"ఇప్పుడు ఎర్రలైటు వెలుగుతుంది."

వెలిగింది. ఆ తర్వాత గ్రిల్లు గుండె ఆగినట్టు చప్పుడు లేకుండా అయిపోయింది. సెలక్షన్ గారు గ్రిల్లుని వదిలి జనరల్ మేనేజర్ వైపు తిరిగారు.

"మీకెలా తెలుసు సార్?"

"మా ఇంట్లోదీ ఇంతే కదయ్యా!" అంటూ జనరల్ మేనేజర్ కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతాడు. ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోతోంది. "నీ మాటలు విని ఆ వారంలోనే ఇదే కొన్నాను. ఒక్క కోడి కాల్తే ఒట్టు! మా ఆవిడేమో, మీ ఆఫీసరు ఇంట్లో అద్భుతంగా పనిచేస్తోందిగా, మీకే చేతకాదని పొద్దస్తమానం దెప్పుడు. ఆ కిటుకేదో నేర్చుకుందామని వచ్చాను. కిటుకూ లేదు, గిటుకూ లేదు! ఉండు, ఆవిడకి చూపిస్తాను." ఫోన్ తీసి, చల్లారిన గ్రిల్లుని అన్ని వైపుల నుంచీ భార్యకు చూపించాడు. "చూడవే! ఆయనదీ ఆరిపోయింది! కళ్ళారా చూడు!"

ఇంకా దాచడానికి ఏముంది? సెలక్షన్ గారు అక్కడే అన్నీ కక్కేశారు. పెనం కోడి సంగతి, కొత్త గ్రిల్లు సంగతి, పాతదాన్ని స్టోర్స్ ఆఫీసరుకి అంటగట్టాలనుకున్న సంగతి, కవరు సంగతి. చెబుతున్నంతసేపూ ఆయనకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. పదవి పోయింది, పేరూ పోయింది అనుకున్నారు. జనరల్ మేనేజర్ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వి, ఆవిడ పెనం మీద కాల్చిపెట్టిన కోడిని ఎముకలతో సహా ఖాళీ చేసి, "ఇదమ్మా గ్రిల్లంటే!" అని ఆవిడకు దణ్ణం పెట్టి వెళ్ళాడు. పదవి ఊసు మాత్రం ఎత్తలేదు.

సోమవారం పొద్దున ఇద్దరు ఆఫీసర్లకూ పిలుపు వచ్చింది. ముందు స్టోర్స్ ఆఫీసరు లోపలికి వెళ్ళి, పర్చేజ్ హెడ్డుగా బయటికి వచ్చాడు. సెలక్షన్ గారు, ఇంటికెళ్ళి భార్యకు మొహం ఎలా చూపించాలా అనుకుంటూ లోపలికి అడుగుపెట్టారు.

"కూర్చోవయ్యా" అన్నాడు జనరల్ మేనేజర్. "నీకు అన్యాయం జరిగిందనుకుంటున్నావు కదూ? నువ్వే చెప్పు. చెయ్యి కదపకుండా, కొత్త గ్రిల్లుని వ్యానులో ఇంటి దాకా తెప్పించుకున్నవాడు కొనుగోళ్ళకి పనికొస్తాడా, డబ్బు పెట్టి అది కొని వాడికి పంపినవాడా?"

సెలక్షన్ గారు తల వంచుకున్నారు. "మొదటివాడే సార్."

"కానీ చూడు, వెలగని పొయ్యి గురించి నువ్వు చెప్పిన మాటలకి నేను పరుగెత్తుకెళ్ళి కొన్నాను. మన కుర్చీలు నిజంగానే బాగుంటాయి, కొనేవాడే లేక గోడౌన్లో కప్పు దాకా పేరుకున్నాయి. ఈరోజు నుంచి సేల్స్ హెడ్డువి నువ్వే. పర్చేజ్ కన్నా పెద్ద పదవి. పక్క గదికి పో."

సెలక్షన్ గారికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రెండూ వచ్చాయి గనక రెండూ కాస్త కాస్త చేసి, భార్యకు ఫోన్ చేసి చెప్పారు. "అబద్ధాలకి ఉద్యోగం కూడా ఇస్తారా?" అని ఆవిడ ఆశ్చర్యపోయింది గానీ, ఆ గొంతులో సంతోషం దాగలేదు.

కొత్త గదిలో కుర్చీ ఇంకా వెచ్చబడకముందే సేల్స్ హెడ్ గారికి మొదటి పని వచ్చింది: జనరల్ మేనేజర్ గారింట్లో ఉన్న గ్రిల్లుకి కొనేవాణ్ణి ఎవరినైనా చూడాలి.